దుమ్ము పడని పరీక్ష పేపర్లు

శాంతిరాజ్ గురించి గోదావరిఖనిలో ఒక కథ చెప్పుకుంటారు. ఎవరో బొగ్గుబాయి మేనేజరుగారి భార్య ముక్కుపుడక బొగ్గు వ్యాగన్లో పడిపోయిందట. ఆ వ్యాగన్ కరెంటు ప్లాంటుకు పోయింది, బొగ్గు కాలింది, బూడిద చెరువుకు చేరింది. శాంతిరాజ్ ఆ చెరువు గట్టున నిలబడి రెండుసార్లు గాలి పీల్చి, ముక్కుపుడక ఇందులో లేదని తేల్చేశాడట. నిజంగానే లేదు. అది ఆమె చీరల పెట్టెలోనే ఉంది. కథలో మిగతాది నమ్మినా నమ్మకపోయినా ముక్కుపుడక దొరికిన మాట మాత్రం వాస్తవం.

కంపెనీ విజిలెన్సులో చేసి, ఇప్పుడు చౌరస్తాలో జిరాక్స్ షాపు మీద సొంత ఆఫీసు పెట్టుకున్న ఆ శాంతిరాజ్, బూరుగుమడ్ల బడి ముందు బండి ఆపేసరికి పిల్లల మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి. వంట చేసే సారవ్వ గంజు తోముతూ తల ఎత్తింది. ఆమె ఆయనకు వరసకు చిన్నమ్మ.

"వచ్చినవా కొడుకా. పెండ్లికి పిలిస్తే రావు, పంచాయితుంటే మాత్రం పిలవకున్నా వస్తవు."

"పెండ్లిల దొంగెవడో ముందే తెలుస్తది చిన్నమ్మా. మజా ఉండదు."

"మజా గాదు. సాయంత్రం లోపట మా టీచరమ్మను సస్పెండు చేస్తరట. జల్ది పో."

వరండాలో టేబుల్ వేసుకుని కూర్చున్న మనిషి పేరు ఉపేందర్. కరీంనగర్ మనిషి, విద్యాశాఖ పంపిన విచారణాధికారి. ఆయన ముందు సీలు వేసిన కవరు ఒకటి, మూత తీసిన పెన్ను ఒకటి ఉన్నాయి. పక్కన హెడ్‌మిస్ట్రెస్ డెబోరా నిలబడి ఉంది. కుర్చీ ఖాళీగానే ఉన్నా ఆమె కూర్చోలేదు.

"మీరెవరు?" అన్నాడు ఉపేందర్.

"శాంతిరాజ్."

"అది పేరు. హోదా అడుగుతున్నాను."

"విచారణల నా తరఫున ఒక మనిషిని పెట్టుకోవచ్చని రూలున్నది సార్," అంది డెబోరా. "ఈయన నా మనిషి."

"బొగ్గు దొంగలను పట్టేవాళ్లకు చదువుల సంగతి ఏం తెలుస్తుంది?"

"బొగ్గు దొంగకు చేతులు నల్లగుంటయి సార్. పట్టుకునుడు తేలిక," అన్నాడు శాంతిరాజ్, ఖాళీ కుర్చీలో కూర్చుంటూ. "చదువుల దొంగలు చేతులు కడుక్కొని వస్తరు. అందుకే నాకు ఇక్కడ జర్ర ఎక్కువ టైం పడ్తది."

ఉపేందర్ మొహం మాడింది. సంగతంతా తానే గబగబా చెప్పేశాడు.

పోయిన బుధవారం అయిదో తరగతికి పరీక్ష జరిగింది. పిల్లలు అందులో నిలబడితే ఈ బడి ఉంటుంది, గనుల ప్రాంతానికి ఇచ్చే నిధి నుంచి మంజూరైన కొత్త బిల్డింగు ఇక్కడే లేస్తుంది. నిలబడకపోతే బడిని మండల కేంద్రంలో ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారు, బిల్డింగు కూడా దాని వెంటే పోతుంది. పిల్లలు నిలబడ్డారు. కాకపోతే మరీ ఎక్కువగా నిలబడ్డారు. మొదటి పేజీల్లో ఎవరి జవాబులు వాళ్లవే. ఆఖరి పేజీలో మాత్రం పదమూడు మందివీ ఒకటే టిక్కులు. ఒప్పులూ ఒకటే, తప్పులూ ఒకటే.

"టీచర్ జవాబులు చెప్పింది, పిల్లలు పెట్టారు," అన్నాడు ఉపేందర్. "దీనికి డిటెక్టివ్ ఎందుకు? పరీక్ష గదిలో ఉన్న అబ్జర్వర్ స్టేట్‌మెంట్ ఇచ్చాడు. ఆయన గది వదలలేదు. మధ్యలో లోపలికి వచ్చింది ఈమె ఒక్కతే."

"నేను వచ్చింది సైరన్ అయినంక, పిల్లల్ని మల్ల కూసోబెట్టనీకి," అంది డెబోరా. ఆమె చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. "అప్పటికే పేపర్లు కట్ట కట్టి టేబుల్ మీద ఉన్నయి. ఈ పిల్లలు పోయిన ఏడాది 'అ' పక్కన 'ఆ' పెడితే గుర్తుపట్టకపోదురు. ఇయ్యాల పాఠం మొత్తం చదువుతున్నరు. వాళ్లకు నేనెందుకు చెప్పాలె?"

"ఏ సైరను?" అన్నాడు శాంతిరాజ్, తెలిసే.

బూరుగుమడ్లలో పుట్టిన పిల్లకు అమ్మ అనడం రాకముందే సైరన్ సంగతి వస్తుంది. ఊరికి తూర్పున ఓపెన్ కాస్టు, నేలను పేల్చి బొగ్గు తీసే గని. మధ్యాహ్నం బ్లాస్టింగ్ ముందు సైరన్ మోగుతుంది. మోగిందంటే బళ్లో ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ మైదానంలో పడమటి గోడ దగ్గరికి పోయి, చెవులు మూసుకొని నోళ్లు తెరిచి కూర్చుంటారు. స్లాబు చీలి ఉంది. నోరు తెరిస్తే చెవులకు దెబ్బ తగలదని ఎవరో చెప్పారు. బుధవారం కూడా పరీక్ష సగంలో ఉండగా సైరన్ మోగింది, అందరూ నోళ్లు తెరిచారు.

శాంతిరాజ్ లేచి అయిదో తరగతి గదిలోకి వెళ్లాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. కిటికీలకు రెక్కలు లేవు. నెత్తిమీద స్లాబు చీలిక ఎండిన వాగులా అటు గోడ నుంచి ఇటు గోడకు పాకింది. బెంచీ మీద వేలితో గీస్తే బూడిదరంగు దుమ్ములో తెల్లటి గీత పడింది.

"ఈ దుమ్ము ఎప్పటిది?"

"నిన్నటి బ్లాస్టింగ్‌ది సార్," అన్నాడు ముందు బెంచీ రుత్విక్. "పొద్దుగాల తుడిచినం. కొద్దిగ తుడిచినం."

"పరీక్షల ఆఖరి పేజీ నువ్వు చేసినవా?"

"నేను ఆ పేజీ తిప్పనే లేదు సార్. సైరన్ అయింది. మల్ల వచ్చేసరికి పేపర్లు కట్టేసి ఉన్నయి. టైం లేదు పోండ్రి అన్నడు ఆ సారు."

"చూశారా, ఏం చెప్పాలో నేర్పి పెట్టారు," అన్నాడు గుమ్మంలోంచి ఉపేందర్.

శాంతిరాజ్ ఆయన్ని పట్టించుకోలేదు. కవరు తెప్పించి, అందరి ముందూ సీలు విప్పించి, పేపర్లు ఒక్కొక్కటే తెల్లటి చేతిరుమాలుతో తుడిచాడు. పదమూడూ తుడిచి రుమాలు విదిలించి చూశాడు. పెండ్లికి పోయే రుమాలంత తెల్లగా ఉంది. తర్వాత ఆఖరి పేజీ తెరిచి, మూడో ప్రశ్న మీద వేలు పెట్టి ఆగిపోయాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని మళ్లీ చదివాడు.

"ఉపేందర్ సార్, ఒక చిన్న మాట. బూరుగుమడ్ల ఏ జిల్లా?"

"కరీంనగర్," అన్నాడు ఉపేందర్ తడుముకోకుండా.

"పెద్దపల్లి సా...ర్," అన్నారు పదమూడు మందీ ఒక్క గొంతుతో, పాట పాడినట్టు.

ఉపేందర్ దగ్గాడు. "పెద్దపల్లే. జిల్లాలు విడగొట్టి ఇన్నేండ్లయినా పాత అలవాటు పోదు."

"మీకే కాదు, నాకూ పోలే. పోస్టు డబ్బా కాడ ఇప్పటికీ కరీంనగర్ అనే రాస్త," అన్నాడు శాంతిరాజ్. "కానీ ఈ పోరగాండ్లకు ఆ అలవాటు యాడిది? జిల్లా మారినప్పుడు వీళ్లు ఉయ్యాలల ఉన్నరు. ఇగో, గోడ మీద వీళ్ల టీచర్ గీసిన పటం. రోజూ దానికింద కూసుంటరు. మరి మూడో ప్రశ్నకు పదమూడు మంది కరీంనగర్ మీద టిక్కు పెట్టిన్రు. ఆ టిక్కు పిల్లల చెయ్యి కాదు, పాత పుస్తకం చదివిన చెయ్యి. రోజూ పెద్దపల్లి అని చెప్పే టీచర్ చెయ్యి అంతకన్నా కాదు."

"తొందరలో టీచర్ కూడా పొరపడవచ్చు."

"పడొచ్చు. కానీ బడిని నిలబెట్టాలనుకునే మనిషి పదమూడు కాగితాల మీద ఒకటే తప్పు ఎందుకు పెడ్తది? పిల్లల్ని ఫెయిల్ చేయాలంటే పెట్టినవి చెరపాలె. చెరిపితే మరక పడ్తది, టైం పడ్తది. ఖాళీ పేజీ నింపుడు తేలిక. నింపితే కాపీ కొట్టిన్రంటరు. బడి మొత్తం పోతది. ఎవరో టీచర్‌కు సాయం చేయలేదు సార్, గొయ్యి తీసిన్రు."

వరండాలో టీ గ్లాసులు కలిసి చప్పుడయ్యాయి. ఒక నడివయసు ఆడమనిషి ట్రే పట్టుకుని వచ్చింది.

"ఈమె ఎవరు?" అన్నాడు ఉపేందర్.

"జమున. బడి కమిటీ చైర్మన్," అంది డెబోరా. "నేను వచ్చిన కాడి నుంచి నాకు కుడిచెయ్యి."

"టీ తాగు అన్నా," అంది జమున. శాంతిరాజ్ వరండాలోకి వచ్చి గ్లాసు అందుకున్నాడు.

"నీ ఇల్లు ఎట్లున్నది చెల్లె?"

"ఎట్లుంటది. పొలాలు కంపెనీ తీస్కున్నది, ఇండ్లు తీస్కోలే. మా గోడ పర్రెల చెయ్యి పెడితే పక్కింటోళ్లకు దండం పెట్టొచ్చు. మొన్న మా చిన్నది పండుకున్న కాడ పెచ్చు పడ్డది. ఊరు మొత్తం లేపి వేరే కాడ ఇండ్లియ్యమంటే, బడి నడుస్తున్న ఊరును ఎట్ల లేపుతం అంటరు. మల్ల కొత్త బిల్డింగు కూడా ఇక్కడనే లేస్తదట."

"బుధవారం బ్లాస్టింగ్ గట్టిగనే అయిందా?"

"బాగ అయింది," అంది జమున, ట్రే వంక చూస్తూ.

శాంతిరాజ్ అదే మాట అందరినీ అడగడం మొదలుపెట్టాడు. సారవ్వ గంజు వదిలి వచ్చి సాక్ష్యం చెప్పింది: "గట్టిగనా? నా గంజు జానెడు లేచి మల్ల పొయ్యి మీద కూసున్నది." రుత్విక్ నేల ఊగిందన్నాడు. డెబోరా కూడా కాసేపు ఆలోచించి, అదిరిందనే అంది. చివరికి అబ్జర్వరుగా పక్క ఊరి బడి నుంచి వచ్చిన యేసుకుమార్ మాస్టారు వంతు వచ్చింది. అంతసేపూ ఆయన మూలన, గోడకు అతికించిన పోస్టరులా నిలబడి ఉన్నాడు.

"సైరన్ మోగినప్పుడు గదిలనే ఉన్నరా సార్?"

"ఉన్న. స్టేట్‌మెంట్‌ల రాసిన గద."

"ఆ స్లాబు పర్రె కింద?"

"డ్యూటీ కదండి. కుర్చీ పట్టుకొని కూసున్న. పెచ్చు ఊడి భుజం మీద పడ్డది."

"ఎంత పెచ్చు?"

"అరచెయ్యంత."

"ఏ భుజం?"

యేసుకుమార్ సంతలో వంకాయలు ఎంచుతున్నట్టు రెండు భుజాలూ మార్చి మార్చి చూసుకుని, ఎడమ భుజం పట్టుకున్నాడు.

శాంతిరాజ్ ఫోను తీసి, స్పీకరు పెట్టి, ఆ ఓపెన్ కాస్టులోనే బ్లాస్టింగ్ సెక్షన్లో పనిచేసే ఆగయ్యకు కలిపాడు.

"ఆగన్నా, పోయిన బుధవారం మీ బ్లాస్టింగ్ ఎట్లయింది?"

"బుధవారమా? యాడిది బావా," అంది ఫోను. "తెల్లందాక వాన గొట్టె. పేలుడు మందు బండి బురదల దిగబడ్డది. ఆ రోజు కాల్చనే లేదు, సైరన్ కొట్టనే లేదు. మర్నాడు కాల్చినం. ఎందుకు, ఏమైంది?"

"ఏం కాలేదు. ఈడ ఒకాయన భుజం వాచింది."

శాంతిరాజ్ ఫోను పెట్టేశాడు. సారవ్వ మెల్లగా తన గంజు వైపు చూసింది, అదేదో తనకు అబద్ధం చెప్పినట్టు.

"చిన్నమ్మా, నీది అబద్ధం కాదు, అలవాటు," అన్నాడు శాంతిరాజ్. "సైరన్ వింటే మన ఒళ్లే అదురుతది. భూమి అదిరిందా లేదా అని ఎవరు చూస్తరు? కానీ పేపర్లు అబద్ధమాడవు. కిటికీలకు రెక్కల్లేని గదిల బ్లాస్టింగ్ అయితే వాటి మీద దుమ్ము పడాలె, పడలేదు. మాస్టారూ, పడని బాంబుకు ఊడిన పెచ్చు మీ భుజం మీదికి ఎట్ల వచ్చింది?"

యేసుకుమార్ భుజం మీది చెయ్యి తీసేశాడు. "నేను... మా ఊరికి బాయి దూరమండి. నాకు అలవాటు లేదు. సైరన్ వినంగనే ఉరికిన. పిల్లల కన్నా ముందే ఉరికిన."

"ఎంత దూరం?"

"పంచాయతి ఆఫీసు దాక. గోడ వెనక కూసున్న."

సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తిరిగొచ్చేసరికి పేపర్లు కట్టేసి ఉన్నయి. టీచరమ్మ కట్టిందనుకొని కవర్ల పెట్టి సంతకం చేసిన. పరీక్ష గది వదిలి ఉరికిన్నంటే నా నౌకరి పోతది. అందుకే..." ఆయన డెబోరా వైపు తిరగలేకపోయాడు. "మీ మీదికి వస్తదని అనుకోలేదమ్మా."

"ఇంకొకటి చెప్పండి," అన్నాడు శాంతిరాజ్. "పంచాయతి గోడ వెనక కూసుంటే, సైరన్ ఎటు నుంచి వినపడ్డది?"

"నెత్తిమీది నుంచి. సరిగ్గ మైకు గొట్టంల నుంచి. కంపెనీ వాళ్లు కొత్తగ పెట్టిచ్చిన్రు కావచ్చు అనుకున్న."

"అదీ సంగతి," శాంతిరాజ్ గట్టిగా అన్నాడు. విజిలెన్సులో ఉన్నప్పటి నుంచీ దొంగ దొరికినప్పుడు ఆయన గొంతు అదుపులో ఉండదు. "బుధవారం మోగింది దొంగ సైరను. ఎవరో ఫోన్ల సైరన్ చప్పుడు పట్టి, ఆ ఫోను పంచాయతి మైకు కాడ పెట్టి వదిలి బడి ఖాళీ చేయించిన్రు. అది దొంగదని తెలిసినోళ్లు ఒక్కళ్లే ఆ పర్రె కింద నిమ్మళంగ కూసొని టిక్కులు పెట్టిన్రు."

కిటికీలోంచి ఒకరి మీద ఒకరు పడి వింటున్న పిల్లల్లో గుసగుస లేచింది. "దొంగ సైరనట్రా." "మనమంత ఉత్తగనే నోర్లు తెరిచినం." ఒకడు నోరు తెరిచి చెవులు మూసుకుని వెక్కిరించి చూపించాడు. గదంతా నవ్వింది.

జమున చేతిలోంచి ట్రే జారింది. గ్లాసులు వరండాలో దొర్లాయి.

"ఆ మాట పోరగాండ్ల ముంగట ఎందుకన్నవు అన్నా?" అంది. ఆమె కళ్లు శాంతిరాజ్ మీద లేవు, కిటికీ మీద ఉన్నాయి.

"మైకు గది తాళం ఎవరి దగ్గర ఉంటది చెల్లె?"

ఆమె జవాబు చెప్పేలోపు సైరన్ మోగింది.

చిన్న తరగతుల పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చి పడమటి గోడ వైపు పరిగెత్తారు. సారవ్వ గంజు అక్కడే వదిలింది. యేసుకుమార్ అందరికన్నా ముందున్నాడు. ఉపేందర్ కవరు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. అయిదో తరగతి తలుపులోంచి మాత్రం ఒక్కరూ రాలేదు.

"రాండ్రి, బయటికి రాండ్రి," అని డెబోరా మైదానం సగంలోంచి వెనక్కి తిరిగి అరిచింది.

లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. "దొంగది టీచర్. ఇది గూడ దొంగదే. మేం రాం."

శాంతిరాజ్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. తన నోటితో తనే చెప్పాడు. ఏండ్ల తరబడి ఆ పిల్లల ఒంట్లో ఇంకిన భయాన్ని ఒక్క మాటతో కడిగేశాడు. ఆయన గుమ్మం వైపు ఉరికాడు గానీ, ఆయన కన్నా ముందే ఒక చీర కొంగు ఆయన్ని దాటిపోయింది.

జమున గదిలో నిలబడి బెంచీ మీద చేత్తో చరిచింది.

"మొన్నటిది దొంగది. అది నేను పెట్టిన. నా ఫోన్లకెల్లి నేనే పెట్టిన. టిక్కులు నేనే కొట్టిన. ఇది నిజంది బిడ్డా, లేవుండ్రి."

నవ్వు ఆగిపోయింది. పిల్లలు ఆమె మొహం చూశారు. తర్వాత వాళ్లకు తలుపు చాలలేదు, కొందరు కిటికీల్లోంచే దూకారు. శాంతిరాజ్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కడినీ రెక్క పట్టి బయటికి తోశాడు. రుత్విక్ బెంచీ సందులో చెప్పు ఇరుక్కుని పెనుగులాడుతుంటే, జమున వాడిని చెప్పు లేకుండానే ఎత్తి శాంతిరాజ్ చేతుల్లో పడేసింది.

భూమి అదిరింది. ఈసారి ఎవరినీ అడగనక్కర్లేదు. గదిలో ఏదో బరువుగా కూలిన చప్పుడు, దాని వెనకే గుమ్మం నిండా పొగలాంటి దుమ్ము.

పడమటి గోడ దగ్గర డెబోరా పిల్లల తలలు తడుముతూ లెక్కపెట్టింది. మళ్లీ పెట్టింది. అందరూ ఉన్నారు. "జమున?" అంది అప్పుడు.

దుమ్ములోంచి జమున నడిచి వచ్చింది. జుట్టు నుంచి పాదాల దాకా బూడిదరంగు. నుదుటి మీంచి సన్నటి ఎర్రగీత ఆ బూడిదలోకి దిగుతోంది. ఆమె వెనక అయిదో తరగతి స్లాబు సగం బెంచీల మీద పడి ఉంది.

ఉపేందర్ అప్పటికే తేరుకున్నాడు. గోడ మీద కాగితం పెట్టుకుని వడివడిగా రాస్తున్నాడు.

"నేరం ఒప్పుకుంది, అందరూ విన్నారు. ఎవరి ప్రమేయం లేకుండా ఈమె ఒక్కతే చేసింది. బడి నడపడానికి ఈ కమిటీ పనికిరాదు, ఈ బిల్డింగూ పనికిరాదు, రేపే పెద్ద బడిలో కలపాలి. హెడ్‌మిస్ట్రెస్ పర్యవేక్షణ లేదు కాబట్టి సస్పెన్షన్‌లో మార్పు లేదు." కాగితం, పెన్నూ ఆమె ముందుకు చాపాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా."

జమున పెన్ను తీసుకోలేదు. డెబోరా వైపు ఒకసారి చూసింది, తర్వాత ఆయన మొహంలోకి చూసింది.

"టిక్కులు యాడ కొట్టాల్నో చెప్పిన నాడు, టీచరమ్మ నౌకరికి ఏం గాదని మాటిచ్చినవు గద సారూ."